రాణిగారికి కాస్త నలతగా ఉంది

హలో, అందరికీ నమస్కారం. వినిపిస్తోందా? వంటింట్లో ఉన్నవాళ్ళు స్టవ్ కాస్త తగ్గించి రండి. ఆఫీసులో ఉన్నవాళ్ళు మొహం గంభీరంగా పెట్టుకోండి, పని చేస్తున్నారనుకుంటారు. ఇది ఒక ఫ్రిజ్ మెకానిక్ కథ. ఆయన ఒక తలుపు వెనకాల గంటసేపు నిలబడ్డాడు, కథంతా ఆ గంటే. బయట జరిగేది తక్కువ, జరిగేదంతా ఆయన బుర్రలోనే. కాబట్టి చెప్పులు విడిచి, మెల్లగా ఆ బుర్రలోకి వచ్చి కూర్చోండి. చోటు చాలానే ఉంది.

మూడో బెల్లు మోగి తెర లేచిన దగ్గర్నుంచీ మెకానిక్‌కి ఒకటే ఆలోచన, ఇంకో గంటలో నా భార్య చచ్చిపోతుంది, ఆ మాట నేనే వెళ్ళి చెప్పాలి. నిజంగా కాదు, నాటకంలో. నాటకంలోనే కదా, నాటకంలోనే కదా అని మూడుసార్లు అనుకున్నాడు, మూడోసారికి చెమట పట్టింది. లైబ్రరీ మీటింగు హాలు వెనక సామాన్ల గది అది, విరిగిన కుర్చీలు, తాడు కట్టిన పాత పత్రికల కట్టలు, ఒక మూల ఎవరూ వాడని తూకం మిషను. ముందు ప్లైవుడ్ తలుపు, దానికి అవతలి వైపు రాతి కోటగోడలా రంగు వేశారు, ఇవతలి వైపు మాత్రం 'ఈ వైపు పైకి' అని బాణం గుర్తుతో అట్లాగే ఉంది. ఒంటికి తెల్ల దుప్పటి చుట్టి నాలుగు పిన్నీసులు పెట్టారు, లోపల ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు, మడిచిన ప్యాంటు జేబులో ఫోను, ఫోను పక్కన స్క్రూడ్రైవరు. నాటకంలో దూతకి స్క్రూడ్రైవరు ఎందుకని బామ్మర్ది అడిగాడు. అది లేకపోతే నాకు చొక్కా లేనట్టుంటుందిరా అన్నాడు మెకానిక్.

తలుపు సందులోంచి చూస్తే వెలుతురు, ఆ వెలుతురులో ఆవిడ. తలమీద అట్టముక్కతో చేసిన కిరీటం, భుజం మీంచి జారే నీలం బట్ట, చెయ్యి పైకెత్తి మాట్లాడుతోంది. ఇరవై ఆరేళ్ళుగా బస్‌స్టాండ్‌లో టికెట్ల కిటికీ వెనక కూర్చుని, అద్దానికి ఉన్న చిన్న కన్నంలోంచి ఎక్కడికి, ఎంతమంది, పక్కకి జరగండి, ఈ మూడు మాటలే మాట్లాడిన మనిషి. ఇంటికొచ్చాక కూడా ఒక్కోసారి అలవాటు పోక, అన్నం గిన్నె దగ్గర నుంచున్న మొగుణ్ణి పక్కకి జరగండి అనేది, తను జరిగేవాడు, వెనకాల ఎవరూ లేకపోయినా. ఆ గొంతులో ఇంత గొంతు ఉందని ఎవరికి తెలుసు. చిన్నప్పుడు బళ్ళో రెండుసార్లు నాటకంలో చేర్చుకున్నారట ఆవిణ్ణి, రెండుసార్లూ చెట్టు వేషమే. రెండోసారి కాస్త ఊగమన్నారు, అదే ప్రమోషను. యాభై ఒకటో ఏట ఇవాళ రాణి. మళ్ళీ ఎవరిస్తారు ఈ వేషం? ఇవాళ ఇది చెడితే ఆవిడ మళ్ళీ ఆ అద్దం వెనక్కే వెళ్ళిపోతుంది, ఆ మూడు మాటల్లోకే. చెడితే చెడేది నా వల్లే. నా పద్దెనిమిది వాక్యాల వల్లే.

అసలు నోరు తెరవకుండా ఉండాల్సింది ఆ రోజు. ఆవిణ్ణి రిహార్సలుకి స్కూటరు మీద దింపి, వెనక బెంచీలో కునికిపాట్లు పడుతూ కూర్చునేవాడు తను. నాటకం రాసింది, నడిపిస్తున్నది పెద్ద టీచరు, రిటైరై పదేళ్ళయినా చేతిలో సుద్దముక్క ఉన్నట్టే మాట్లాడే మనిషి. పాత గ్రీకు దేశం వాళ్ళ విషాద నాటకాల పద్ధతిలో రాశానని చెప్పింది. వాళ్ళ నాటకాల్లో మనుషులు చెడ్డతనం వల్ల పెద్దగా చెడరట, ప్రేమ వల్ల చెడతారట. ఏ ప్రేమ వాళ్ళని కొండలా నిలబెడుతుందో ఆ ప్రేమే కింద నేలని తవ్వేస్తుందట. ఈ కథలో రాజు ఊళ్ళోకి మాయరోగం రాకుండా కోట తలుపు మూయిస్తాడు, మూసేసరికి కన్నకొడుకు బయట ఉండిపోతాడు. రాజుకి ఊరంటే ప్రేమ, తలుపు తియ్యనంటాడు. రాణికి కొడుకంటే ప్రేమ, పదిమంది ఎత్తే అడ్డగడియని ఒక్కత్తీ ఎత్తి తలుపు తీస్తుంది. కొడుకు వస్తాడు, వాడితో రోగం వస్తుంది, రాణి వాడికి సేవ చేసి, వాణ్ణి బతికించి, తను పోతుంది. ఇప్పుడు చెప్పండి, ప్రేమ బలమా, బలహీనతా? అని అడిగింది టీచరు. అందరూ క్లాసులో పిల్లల్లా కింద చూశారు. వెనక బెంచీలోంచి మెకానిక్ నిద్రమత్తులో అనేశాడు, అదేముందండీ, ఫ్రిజ్జుని చల్లగా ఉంచేదీ కంప్రెసరే, అన్నిటికంటే ముందు కాలిపోయేదీ కంప్రెసరే. టీచరు తిరిగి చూసింది, చాలాసేపు చూసింది. ఏమయ్యా, నిలబడు, అంది. నిలబడ్డాడు. దూత దొరికాడు, అంది.

దూత అంటే ఏదో ఉత్తరం అందించి నమస్కారం పెట్టి వచ్చెయ్యడం అనుకున్నాడు తను. ఆ నాటకాల్లో చావులు జనం ముందు జరగవట, లోపలెక్కడో జరుగుతాయట, ఎవరో ఒకడు బయటికొచ్చి చెప్పాలట. మంచి పద్ధతే, చూసే బాధ తప్పింది అనుకున్నాడు, ఆ చెప్పేవాడు తనేనని తెలిసేదాకా. 'రాజా, రాణి మరణించింది.' మొదటి వాక్యం. మూడే మాటలు. మొదటి రిహార్సల్లో వెళ్ళి నిలబడి, గొంతు సవరించుకుని, రాజా, రాణిగారికి కాస్త నలతగా ఉంది అన్నాడు. అందరూ నవ్వారు, తనూ నవ్వాడు. రెండోసారి, రాజా, ప్రస్తుతానికి కంగారేం లేదు అన్నాడు. మూడోసారి, సాయంత్రానికి కబురు చెప్తాను అన్నాడు. నాలుగోసారి టీచరు కర్ర పట్టుకుని పక్కనే నిలబడింది, కళ్ళు మూసుకుని దూకేద్దామనుకున్నాడు, రాజా, రాణి వెళ్ళిపోయారు అన్నంతవరకూ బానే వచ్చింది, అక్కడ ఆగలేక, వాళ్ళ తమ్ముడింటికి అన్నాడు. ఆ తమ్ముడే ఇప్పుడు తెర తాడు పట్టుకుని పక్కన స్టూలు మీద కూర్చున్న బామ్మర్ది. మా ఇంటికెందుకు బావా, మాకు చెప్పొద్దూ ముందు, అని పడీపడీ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఇంటికొచ్చి కిరీటం తీసి బల్ల మీద పెట్టి, మెల్లగా అంది, "మీరు నన్ను సరిగ్గా చంపకపోతే నేను అంతసేపు బతికి ఏం లాభమండీ. జనం నవ్వుకుంటూ ఇంటికెళ్తారు."

ఆ మాట చెవిలో గింగిర్లు తిరుగుతోంది. స్టేజీ మీద రాజు ఇప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. రాజు అసలు వృత్తి పళ్ళ డాక్టరు, అందుకని ఎంత ప్రేమగా మాట్లాడినా చివర్లో కాస్త నోరు తెరవండి అంటాడేమో అనిపిస్తుంది. నా ప్రాణమా, ఈ ఊరి ప్రాణం కూడా నాదే, అంటున్నాడు. నా ప్రాణమా. తను ఎప్పుడైనా అన్నాడా ఆ మాట? ముప్ఫై ఏళ్ళలో? టీ ఉందా అన్నాడు. స్కూటరు తాళం చూశావా అన్నాడు. ఆవిడ జ్వరంతో పడుకుంటే, లోపలున్న ఫ్రిజ్జు తలుపు రబ్బరు మార్చాడు, అది తెరిచినప్పుడల్లా చప్పుడు చేస్తే ఆవిడకి నిద్ర పట్టదని. దాన్ని ప్రేమ అంటారా, సర్వీసింగ్ అంటారా? డాక్టరు ఇంకా చెయ్యి వదల్లేదు. నాలుగు వాక్యాల తర్వాత వదలాలని పుస్తకంలో ఉంది, ఇప్పటికి ఆరయ్యాయి. పోనీలే, నా పన్ను పీకింది ఈయనే, నొప్పి లేకుండా పీకాడు, మంచివాడే.

ఫోను వణికింది. తొడ మీద పిన్నీసు గుచ్చుకుంది. తీసి చూస్తే పాత పార్టీ, రెండు వీధుల అవతల ఉండే రిటైరైన డ్రాయింగు మాస్టారు, ఇరవై రెండేళ్ళ ఫ్రిజ్జు. కట్ చేద్దామనుకుంటే బామ్మర్ది గుసగుసగా అన్నాడు, "ఎత్తు బావా, మంచి అవకాశం. ఫ్రిజ్జు పోయిందని చెప్పు. ప్రాక్టీసు అవుతుంది."

"నోర్ముయ్ రా."

"పోయిందండీ, అను. ఒక్క మాట. అక్కడ మొదలుపెట్టి అక్కయ్య దాకా వద్దాం."

ఎత్తాడు. మాస్టారి గొంతు నీరసంగా ఉంది. "బాబూ, రాత్రి నుంచి చప్పుడే లేదు. ఇది ఇంక పోయినట్టేనా? ఉన్నదున్నట్టు చెప్పు, నేను తట్టుకుంటాను." మెకానిక్ ఊపిరి పీల్చాడు. పోయినసారి చూసినప్పుడే కాయిల్‌కి మూడు చోట్ల చిల్లులు, సబ్బు నురగ రాస్తే మూడు చోట్లా బుడగలొచ్చాయి, దానికింక మందు లేదు, ఆ సంగతి తనకి తెలుసు. "పోయిం..." అన్నాడు. ఆ ముసలాయన వంటిల్లు కళ్ళముందు కనిపించింది, ఒక ప్లేటు, ఒక గ్లాసు, ఆ మూల రాత్రుళ్ళు గుర్రు పెట్టి తోడుండే ఫ్రిజ్జు. "పోయిందేమోనని భయపడకండి మాస్టారూ, రేపు పొద్దున్నే వస్తా, బతికిద్దాం లెండి" అన్నాడు. ఊళ్ళో తన పేరే అది, 'బతికిద్దాంలెండి' మెకానిక్. ఈ మధ్య కొన్నేళ్ళుగా ఒక్క ఫ్రిజ్జుని కూడా పోయిందని తన నోటితో చెప్పలేదు. మిగతా మెకానిక్‌లు రెండు నిమిషాల్లో తేల్చేసి కొత్తది కొనిపిస్తారు. తను కూర్చుంటాడు, రిలే మారుస్తాడు, గ్యాసు నింపుతాడు, మాటలు చెప్తాడు.

బామ్మర్ది తల కొట్టుకున్నాడు. "ఫ్రిజ్జునే చంపలేనివాడివి, మా అక్కనేం చంపుతావు బావా."

నిజమే. చిన్నప్పటినుంచీ ఇంతేనా? కాదు. ఒకప్పుడు బాగానే చెప్పేవాడు, పోయిందండీ, తీసి పారెయ్యండి అని. ఎప్పటినుంచి ఆగింది ఆ మాట? ఎప్పటినుంచో తెలుసు, తెలిసే అటు వెళ్ళట్లేదు బుర్ర, ఇప్పుడు వెళ్ళింది. నాలుగేళ్ళ కిందట ఆస్పత్రి వరండా. ఆవిడ కడుపులో గడ్డ, లోపల ఆపరేషన్. ఇలాంటి తలుపే, కాకపోతే రెండు రెక్కలు, పైన ఎర్ర దీపం. కూర్చోలేకపోయాడు. నిలబడలేకపోయాడు. వరండాలో మంచినీళ్ళ కూలరు ఒకటి గరగరమని మొత్తుకుంటోంది, పంపులో గోరువెచ్చటి నీళ్ళు. జేబులో స్క్రూడ్రైవరు ఉంది. వెనక రేకు విప్పాడు, ఫ్యాను బ్లేడుకి ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని ఉంది, తీశాడు, దుమ్ము ఊదాడు, వైరు బిగించాడు. నర్సు వచ్చి, ఎవరు నువ్వు, ఎవరు పిలిచారు అని కేకలేసింది. ఎవరూ పిలవలేదండీ, మా ఆవిడ లోపలుంది అన్నాడు. నర్సుకేం అర్థమైందో, ఊరుకుంది, ఒక గ్లాసు పట్టుకుని తాగి, చల్లగా ఉన్నాయి అంది. అప్పుడు తలుపు తెరుచుకుంది. డాక్టరు బయటికొచ్చాడు, మూతికి గుడ్డ. ఆ గుడ్డ ఒక చెవి నుంచి తీశాడు, తర్వాత రెండో చెవి నుంచి తీశాడు, మడిచాడు. ఎందుకు మడుస్తాడయ్యా, చెప్పొచ్చు కదా. తలుపు తెరుచుకోవడానికీ ఆ నోరు తెరుచుకోవడానికీ మధ్య తను ఆవిడ లేని ఇంటికి వెళ్ళి వచ్చాడు. తాళం తీశాడు, లైటు వేశాడు, పక్కకి జరగండి అనే మనిషి లేక గిన్నె దగ్గర అలాగే నిలబడ్డాడు. అంతా బాగానే జరిగిందండీ, అన్నాడు డాక్టరు. బాగానే జరిగింది. కానీ వెళ్ళొచ్చిన ఇల్లు వెళ్ళొచ్చినట్టే లోపల ఉండిపోయింది. అప్పటినుంచీ, తలుపు తెరుచుకుని ఎవరైనా బయటికొస్తే చాలు, మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళొస్తాడు. ఇవాళ ఆ తలుపు తీసుకుని వచ్చేది తను. ఆ ఇంటికి వెళ్ళేది ఇంకెవరో.

చప్పట్లు. ఏమైంది? రాణి గడియ ఎత్తిందా? ఎత్తింది. గడియ థర్మోకోల్‌దే, అయినా ఆవిడ ఎత్తుతుంటే మెడనరాలు బిగుసుకున్నాయి, ముందు వరసలో ఒకాయన సాయం చేద్దామన్నట్టు సగం లేచాడు. ఆవిడ చివరి మాటలు చెప్పి, వెనక్కి తిరిగి, ఈ తలుపు వైపే వస్తోంది. వచ్చేసింది. తలుపు తోసుకుని లోపలికి వచ్చి, ఒక్కసారి రాణి పోయి ఆవిడ మిగిలింది, రొప్పుతూ, చెంపల మీద చెమటతో కలిసిన పౌడరు, కళ్ళు మాత్రం పదహారేళ్ళ పిల్లవి. "విన్నారా చప్పట్లు" అంది. "నాకే అండీ. నాకే కొట్టారు." పత్రికల కట్ట మీద కూర్చుని నీళ్ళ సీసా ఎత్తి గటగటా తాగింది, కొంచెం మెడ మీద ఒలికింది. చూడు, బతికున్న మనిషి, గొంతు కదులుతోంది, చెవి దగ్గర ఒక వెంట్రుక అతుక్కుని ఉంది. ఈ మనిషిని ఇక్కడ కూర్చోబెట్టి, అక్కడికెళ్ళి ఏం చెప్పమంటారు? అక్షరం మిగల్లేదు బుర్రలో. పద్దెనిమిది వాక్యాలూ పద్దెనిమిది వైపులకి పారిపోయాయి.

"ఏమండీ" అంది ఆవిడ. "వెళ్ళాలి."

"నాకు కాస్త నలతగా ఉంది" అన్నాడు.

ఆవిడ లేచింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు, భుజం దగ్గర ఊడిన పిన్నీసు పెట్టింది, పెడుతూ, "మీకు రాకపోతే వద్దు. ఏదో ఒకటి చెప్పి వచ్చెయ్యండి. నవ్వితే నవ్వుతారు" అంది. కళ్ళలోకి చూడకుండా అంది. అదీ దెబ్బ. తిట్టి ఉంటే బాగుండేది. బామ్మర్ది వెనకనుంచి వీపు మీద చెయ్యి వేసి తోశాడు, తలుపు తెరుచుకుంది.

వెలుతురు. ఎదురుగా రాజు. రాజు వెనక ఊరి పెద్దల వేషాల్లో నలుగురు, అందరూ పళ్ళ డాక్టరుకి భయపడేవాళ్ళే. వాళ్ళ వెనక చీకట్లో జనం. మొదటి వరసలో టీచరు, పెదాలు కదుపుతోంది, ఆవిడే చెప్పేస్తుందేమో. రాజు తలెత్తాడు. "దూతా, ఏమిటి కబురు? నా రాణి ఎలా ఉంది?" ఆ అడగడంలో ఏదో ఉంది. ఇన్ని రిహార్సళ్ళలో మెకానిక్ ఎప్పుడూ ఆ మొహం సరిగా చూడలేదు, ఎంతసేపూ తన మాట గోలే తనది. ఇవాళ చూశాడు. కాలూ చెయ్యీ ఆడక, కూర్చోలేక నిలబడలేక, తన నోటివంకే చూస్తున్న ఒక మనిషి. ఆ వరండాలో మనిషి. ఇప్పుడు గుడ్డ మడుస్తున్నది నేను, అనిపించింది. ఎంతసేపు మడుస్తాను? నలతగా ఉంది అంటే ఆయన ఇంకో గంట ఆ ఇంట్లో ఒక్కడే తిరగాలి. సాయంత్రానికి చెప్తాను అంటే సాయంత్రం దాకా తిరగాలి. జాలి అనుకున్నానే, ఇన్నేళ్ళూ అందరినీ వరండాలో నిలబెట్టానా నేను?

"రాజా" అన్నాడు. "రాణి మరణించింది."

చెప్పేశాడు. మాట బయటికొచ్చి హాల్లో నిలబడింది, ఎవరూ నవ్వలేదు. తర్వాతి వాక్యాలు ఎక్కడికి పారిపోయాయో అక్కణ్ణుంచి ఒక్కొక్కటే తిరిగొచ్చాయి, గొర్రెలు దొడ్డికొచ్చినట్టు. పదిమంది ఎత్తే గడియని ఒక్కత్తీ ఎత్తింది రాజా. కొడుకు ఒళ్ళు కాలుతుంటే తన ఒంటికేసి అదుముకుంది. మూడు రాత్రులు కునుకు తియ్యలేదు. వాడు కళ్ళు తెరిచాక ఆవిడ కళ్ళు మూసింది. చివర్లో నీ పేరే అడిగింది, తలుపు తీసినందుకు కోపమా అని అడిగింది, చెప్పడానికి నువ్వు అక్కడ లేవు. ఈ వాక్యం దగ్గర గొంతు చిట్లింది. చిట్లిన గొంతుతోనే మిగతా నాలుగూ చెప్పాడు. చీకట్లో ఎవరో ముక్కు చీదారు, ఇంకెవరో చీదారు, రాజు మోకాళ్ళ మీద పడ్డాడు, పడాల్సిన దానికంటే గట్టిగా, చెక్క చప్పుడైంది. ఇక దూత నమస్కరించి వెనక్కి వెళ్ళాలి. వెళ్ళట్లేదు. వరండాలో ఏడవాల్సిన ఏడుపు నాలుగేళ్ళు ఆలస్యంగా, ముప్ఫై వరసల జనం ముందు, దుప్పటి కట్టుకున్న మనిషికి వచ్చింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చప్పుడు రాకుండా ఆపుదామంటే ఇంకా పెద్ద చప్పుడొస్తోంది.

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది. చచ్చిపోయిన రాణి బయటికొచ్చింది, ఒక చేతిలో నీళ్ళ సీసా, కిరీటం పక్కకి ఒరిగి. చరచరా నడిచొచ్చి, ఇంతమంది ఉన్నారన్న ధ్యాసే లేకుండా, నీలం బట్ట కొంగుతో ఆయన మొహం తుడవడం మొదలుపెట్టింది. "ఊరుకోండి. ఇక్కడే ఉన్నాను కదా. ఏమండీ, ఇటు చూడండి, ఇక్కడే ఉన్నాను." మోకాళ్ళ మీద ఉన్న రాజు నోరు తెరిచాడు, అంత బాగా నోరు తెరిచిన రోగిని ఆయన కూడా చూసి ఉండడు. ఊరి పెద్దలు నలుగురూ ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. హాల్లో మొదట ఒక చిన్న నవ్వు, తర్వాత నాలుగు, ఆ తర్వాత కప్పు ఎగిరిపోయేంత నవ్వు, ఆ నవ్వులోనే చప్పట్లు. పెద్ద టీచరు రెండు చేతుల్లో మొహం దాచుకుంది, భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తోందో నవ్వుతోందో ఇప్పటికీ చెప్పదు. బామ్మర్దికి అప్పుడు గుర్తొచ్చింది తాడు తన చేతిలోనే ఉందని. తెర పడింది, సగం వరకూ వచ్చి ఇరుక్కుంది, కింద వాళ్ళిద్దరి కాళ్ళూ జనానికి కనిపిస్తూనే ఉన్నాయి.

తెర వెనక ఆవిడ చుట్టూ చూసింది. అప్పుడు తెలిసింది ఎక్కడ నిలబడిందో, ఏం చేసిందో. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నేనే పాడుచేశాను" అంది.

మెకానిక్ ముక్కు ఎగబీల్చాడు. "నేను సరిగ్గానే చెప్పాను" అన్నాడు. "పద్దెనిమిదీ చెప్పాను."

"అదే కదండీ." ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నలతగా ఉంది అంటారని అక్కడ కూర్చున్నాను, మీరేమో చెప్పుకుంటూ పోయారు. మీరంత బాగా చెప్తుంటే నేను నిజంగానే పోయాననుకున్నాను. అప్పుడు మిమ్మల్ని ఎవరు చూస్తారు అనిపించింది. నా కాళ్ళు ఆగలేదు."

అవతల జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఇద్దరిలో ఎవరికీ బయటికెళ్ళి నమస్కారం పెట్టాలని తోచలేదు.

ఇంతేనండీ. ఇంట్లో మనిషి మీద ప్రేమంతా రబ్బర్లు మార్చడంలోనూ స్క్రూలు బిగించడంలోనూ పెట్టి, నోటితో ఒక్క మాటా అనని వాళ్ళు మీ లిస్టులో ఒకరిద్దరు ఉండే ఉంటారు, వాళ్ళకి ఇది పంపండి. మీ ఇంటావిడకో ఇంటాయనకో పంపాలనుకుంటే మాత్రం పక్క గదిలోంచి ఫోన్లో పంపకండి. లేచి వెళ్ళి, దగ్గర కూర్చుని, చదివి వినిపించండి.